పంపులో వేసిన పాత గుడ్డ

రైలు కట్ట పక్క ఇల్లు,
జూన్ 6

బావమరిదికి,

నీ పంపు మళ్లీ చచ్చింది. కుశల ప్రశ్నలు తర్వాత, ముందు ఈ సంగతి విను. ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. నేను గొంతు పెంచితే పక్కింటివాళ్లు మా ఇంట్లో గొడవనుకుంటారు. ముప్ఫై ఏళ్లు ఇంజన్ల పక్కన చెవి పెట్టినవాడికి ఉత్తరమే మేలు.

మార్చిలో నువ్వు బాగుచేసి పంపినది ఏప్రిల్ చివర్లో పోయింది. దాని బదులు వచ్చింది నిన్నటితో సరి. పెద్ద వంతెన దాటగానే ఇంజను రెండుసార్లు దగ్గి మూగబోయింది. బానెట్ ఎత్తి చూస్తే పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి పెట్రోలు చుక్కచుక్కగా కారుతోంది. అంటే లోపలి డయాఫ్రం చిరిగిందన్నమాట. నలభై ఏళ్లు జనానికి డ్రైవింగు నేర్పి బతికినవాణ్ణి, ఆ మాత్రం నాకూ తెలుసు. చివరికి ఒక లారీ ఆయన తాడు కట్టి ఇంటిదాకా లాక్కొచ్చాడు. దారంతా నా కారును చూసి జనం నవ్వారు. నన్ను చూసి కూడా నవ్వి ఉంటారు, నేను అటు చూడలేదు.

ఇక్కడి మెకానిక్కు కరెంటు పంపు బిగిస్తానంటున్నాడు. మీ అక్క ఒప్పుకోదు. "తమ్ముడు చేతులారా చేసి పంపుతుంటే బయటివాడి సామాను దేనికి?" అంటుంది. ఆమె మాట కాదనే ధైర్యం నాకు పెళ్లయిన నాటి నుంచీ లేదు.

పాడైన పంపు ఈ పెట్టెలో ఉంది. నీ దగ్గరున్న రెండోది వెంటనే పంపు. ఈ రెండు పంపులూ వంతులవారీగా పోస్టులో తిరుగుతూ మనకంటే ఎక్కువ ప్రయాణాలు చేస్తున్నాయి. నేను మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఆరింటికల్లా ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉండాలి. ఏం పనని అడక్కు. ముసలివాళ్లకీ పనులుంటాయి.

అక్క కులాసాగానే ఉంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

బావ

పంపుల షాపు, గడియారాల సందు,
జూన్ 11

బావగారికి నమస్కారాలు.

మీరు ఉత్తరంలో కూడా అరుస్తున్నారు. మా ఆవిడ చదువుతూ చెవులు మూసుకుంది.

మంగళ, శుక్రవారాల్లో తెల్లారేసరికి ముప్ఫై కిలోమీటర్ల అవతల పనా? ఈ వయసులో ఇవేం షికార్లు బావా? అక్కకి తెలిసే వెళ్తున్నారా? తెలియకుండా వెళ్తున్నారంటే చెప్పండి, కడుపులో దాచుకుంటాను.

ఇక పంపు. దాని కడుపులో ఉండేది గుండ్రంగా కత్తిరించిన ఒక రబ్బరు గుడ్డ, మీరు డయాఫ్రం అన్నది అదే. ఇంజను తిరిగినప్పుడల్లా లివరు దాన్ని కిందికి లాగుతుంది, స్ప్రింగు పైకి తోస్తుంది. ఆ లాగుడు తోపుడుతోనే ట్యాంకులో పెట్రోలు ఇంజనుకి చేరుతుంది. రోజంతా ఎవరో లాగుతూ తోస్తూ ఉంటే మనమూ చిరుగుతాం. అందుకే మా గురువు అనేవాడు, పంపు దానంతటది పోదురా, ఎవరో చంపుతారు, వాణ్ణి పట్టుకో అని.

మీరు చూడాల్సినవి చెప్తాను. ట్యాంకు మూతకి సూది బెజ్జం ఉంటుంది, గాలి పోవడానికి. అది పూడుకుంటే పంపు గాలిలేని చోట నుంచి లాగలేక చస్తుంది. తర్వాత, పంపుకీ ఇంజనుకీ మధ్య పెన్సిలంత మందాన ఒక ప్యాకింగు ఉండాలి. మీ మెకానిక్కు తీసి పారేసి ఉంటే లివరు మితిమీరి తోసి గుడ్డ చించేస్తుంది. ఈ రెండూ బాగుంటే ట్యాంకు దించి కడగండి. లోపల తుప్పు ఉండి తీరుతుంది.

డయాఫ్రంకి నేను మంచి గుడ్డే వేశాను. నా వైపు నుంచి లోపం లేదు.

అక్కని ఈసారి ఒక నాలుగు ముక్కలు తన చేత్తో రాయమనండి. ఏడాది దాటింది ఆమె రాత చూసి.

మీ బావమరిది

రైలు కట్ట పక్క ఇల్లు,
జూన్ 29

బావమరిదికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వరసగా విను.

ట్యాంకు మూత బెజ్జంలో మీ అక్క కుట్టుసూది దూర్చాను. దూరింది, పూడుకోలేదు. ప్యాకింగు ఉంది, స్కేలు పెట్టి కొలిచాను, నీ పెన్సిలు కన్నా పిసరంత మందమే. ఇక ట్యాంకు. దాన్ని దించాలంటే ముందు డిక్కీ, ఆ తర్వాత వెనక సీటు ఖాళీ చేయాలి. దుప్పటి, రెండు దిళ్లు, బకెట్టు, నీళ్ల సీసా అన్నీ తీసి వరండాలో పెట్టి, కారు కిందికి దూరి, నాలుగు బోల్టులు విప్పడానికి నాకు పూట పట్టింది. మూడు ఊడాయి. నాలుగోది నా సహనం ఊడాక ఊడింది. ట్యాంకులో చెంచాడు తుప్పు వచ్చింది. యాభై ఏళ్ల నాటి ట్యాంకులో చెంచాడు తుప్పంటే పతివ్రత కిందే లెక్క.

అప్పటి నుంచీ నడుం వంగడం లేదు. మీ అక్క కాపడం పెట్టబోతే వద్దన్నాను. ఆమె చేత పని చేయించుకోవడం ఇష్టం లేదు.

నువ్వు పంపినది బిగించాను. ప్రస్తుతానికి నడుస్తోంది. నడిచినంతసేపూ నా చెవి ఇంజను మీదే ఉంటుంది. ఇదివరకు డ్రైవింగంటే నాకు ప్రాణం. ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటోంది.

అక్క బాగానే ఉంది. రాయమన్నాను, చెయ్యి నొప్పంది.

బావ

పంపుల షాపు,
జూలై 5

బావగారికి,

చెంచాడు తుప్పు చాలు బావా, పంపు ప్రాణం తీయడానికి. దొంగ దొరికాడు. ఇక నిశ్చింతగా తిరగండి.

దుప్పటి, దిళ్లు అర్థమయ్యాయి, దారిలో కునుకు తీస్తున్నారన్నమాట. బకెట్టు దేనికి? కారుకి స్నానం చేయిస్తున్నారా? పెళ్లికూతురి కన్నా ఎక్కువగా చూసుకుంటున్నారే దాన్ని!

నాకు తీరిక లేదు. షాపులో నేనొక్కణ్ణే. షుగరు వల్ల కాళ్లు తిమ్మిర్లు, కళ్లజోడు నంబరు మళ్లీ మారింది. ఆపైన సరుకు దొరకడం లేదు. మంచి గుడ్డ ఒక షీటు వస్తే దాని కోసం పదిమంది కాచుకుని ఉంటున్నారు. అందరికీ తొందరే, అందరిదీ కోపమే. మీ విషయంలో మాత్రం నాకు బెంగ లేదు. మనింటి బండేగా, ఆగితే మీరే రాస్తారు.

చెయ్యి నొప్పి ఏమిటి అక్కకి? డాక్టరుకి చూపించండి. ఆమె చూపించుకోదు, మీరే లాక్కెళ్లాలి.

మీ బావమరిది

రైలు కట్ట పక్క ఇల్లు,
ఆగస్టు 2

బావమరిదికి,

ఇరవై ఏడు రోజులు. ఈసారి సరిగ్గా లెక్క రాసి పెట్టుకున్నాను. ఇరవై ఏడో రోజు శుక్రవారం పొద్దున ఇంటి దగ్గరే ఆగింది, అదొక్కటే అదృష్టం. మెకానిక్కు పరుగున వచ్చి, ఎవరిదో పాత పంపు అరువు తెచ్చి బిగిస్తే గంటన్నర ఆలస్యంగా చేరాను.

ట్యాంకు కడిగాను. పైపులు ఊదాను. ఫిల్టరు మార్చాను. మూత మార్చాను. నా కారులో ఇక కడగడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అయినా నీ పంపే చస్తోంది. అరువు తెచ్చిన ఆ చెత్త పంపు మాత్రం చావలేదు, దాని సొంతదారు అడిగితే నిన్న విప్పి ఇచ్చేశాను.

నీ చేతిలో పనితనం తగ్గిందా, లేకపోతే ఇంటివాళ్ల పనేగా అని శ్రద్ధ తగ్గిందా? నిజం చెప్పు. నీకు డ్రైవింగు నేర్పింది నేను. మలుపులో గేరు మార్చడం మర్చిపోయి, మార్చానని బుకాయించేవాడివి. అప్పుడూ నీ మొహం చూడక్కర్లేకుండానే నాకు తెలిసేది.

నేను చాలా అలసిపోయాను. ఈ ఒక్క బండి సరిగ్గా నడిస్తే చాలు, నాకింకేం వద్దు.

బావ

పంపుల షాపు,
ఆగస్టు 7

బావగారికి,

మీ ఉత్తరం చదివాను. పెద్దవారు, ఏమన్నా పడాలి. పడ్డాను.

ఊళ్లో నా పనిని వేలెత్తి చూపినవాడు ఇంతవరకూ లేడు. నాలుగు జిల్లాల నుంచి పెట్టెలు వస్తాయి నాకు. ఎవరి పంపూ తిరిగి రాదు, మీదొక్కటే వస్తుంది. మరి లోపం పంపులో ఉందా, బండిలో ఉందా, నడిపేవారిలో ఉందా, మీరే ఆలోచించుకోండి.

నా మాట వింటే ఆ కారు అమ్మేయండి. షోకు కోసం ఉంచుకునే బండిని వారానికి రెండుసార్లు అరవై కిలోమీటర్లు తోలితే అది మాత్రం ఏం చేస్తుంది? బస్సులున్నాయి, అద్దె కార్లున్నాయి. మీ షికార్ల కోసం నా షాపు పనులు ఆపుకుని కూర్చోలేను.

పంపు పంపుతున్నాను. ఇదే ఆఖరిది.

బావమరిది

ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా,
ఆగస్టు 21

బావమరిదికి,

చిరునామా చూసి కంగారు పడకు. నిన్న ఆక్సిజను తీసేశారు. ఇడ్లీ ముక్క తింటావా అని నర్సు అడిగితే మీ అక్క "మంచినీళ్లివ్వు చాలు" అంది. అదే ఇవ్వకూడదు.

ఆమెకి రెండు మూత్రపిండాలూ పోయి పద్నాలుగు నెలలైంది. మంగళవారం, శుక్రవారం నేను వెళ్లే షికారు డయాలసిస్‌కి. ఆరింటికి మంచం ఎక్కాలి. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి నాలుగు గంటలు యంత్రానికి కట్టేస్తారు. ఆ చెయ్యే నొప్పి. కుడి చెయ్యి బాగానే ఉంది, రాయగలదు. నీకు రాస్తే అబద్ధం రాయాలని రాయలేదు.

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. "వాడికి తెలిస్తే తన కిడ్నీ తీసుకోమని వచ్చి కూర్చుంటాడు, షుగరు మనిషి, వాణ్ణి ఆపడం నా వల్ల కాదు" అంది. డాక్టరునీ అడిగాను, నీ దాన్ని తీసుకోరు. కనుక ఆ మాట ఎత్తకు.

బస్సులున్నాయని రాశావు. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకి కాళ్లు కొంకర్లు పోతాయి, వాంతులవుతాయి. బకెట్టు అందుకే. ఒక అద్దె కారువాడు సీటు పాడైందని మధ్యలో దింపబోయాడు. రెండోవాడు రెండోసారి ఫోనెత్తలేదు. నీ పంపు పోస్టులో ఉన్న రోజుల్లో మెకానిక్కు ఎవరి బండో అడిగి తెచ్చి తిప్పాడు, ఎన్నిసార్లని అడగను? మన కారు వెనక సీటు మంచమంత ఉంటుంది, కాళ్లు చాపుకుని పడుకుంటుంది. ముందు కూర్చోలేదు. డ్రైవింగు స్కూలు బండి కదా, ఎడమవైపు కూడా పెడళ్లున్నాయి, వాచిన పాదాలు అక్కడ పట్టవు.

నువ్వు ఆఖరిదని పంపిన పంపు వారం తిరక్కుండానే పోయింది. శుక్రవారం పొద్దున, సగం దారిలో, ఇళ్లూ చెట్లూ లేని చోట. రెండు గంటలు రోడ్డు పక్కనే ఉన్నాం. మేం చేరేసరికి ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు, మంగళవారం రమ్మన్నారు. ఆదివారానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పడుకోలేదు, వంగలేదు, మాట్లాడలేదు. మంచం అంచున కూర్చుని గోడ పట్టుకుని ఒక్కొక్క ఊపిరీ లాగింది. నేను చూస్తూ ఉన్నాను. అంబులెన్సు వచ్చేదాకా నేను చేయగలిగింది అదే.

నిన్ను నిందించడానికి రాయలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా తల పగిలిపోయేలా ఉంది. నువ్వు రావద్దు. వస్తే నేను ఒట్టు తప్పానని తెలిసిపోతుంది, ఇప్పుడా గొడవ ఆమె తట్టుకోలేదు. ఆరు రోజుల్లో ఇంటికి పంపుతారట. ఆ లోపల చావని పంపు ఒకటి పంపు.

బావ

పంపుల షాపు,
ఆగస్టు 25

బావా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. సూటిగా రాస్తాను.

మీ ట్యాంకులో ఏ తప్పూ లేదు. మూతలో లేదు, ప్యాకింగులో లేదు. తప్పు నాది. "మంచి గుడ్డే వేశాను" అని రాశాను గానీ ఏ గుడ్డో రాయలేదు. మా గురువు చనిపోయినప్పుడు షాపుతో పాటు ఆయన కొన్న గుడ్డ చుట్ట ఒకటి నాకొచ్చింది. ఆ రోజుల పెట్రోలుకి అది బంగారం. ఇప్పటి పెట్రోలు దాన్ని తినేస్తుంది. నెల తిరిగేసరికి అప్పడంలా బిరుసెక్కి పగులుతుంది. ఈ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు. కొత్త గుడ్డ దొరకడం కష్టం, అందుకే అది బయటివాళ్లకి దాచి, పాతది మీకు వేశాను. బయటివాడి పంపు పోతే వాడు మళ్లీ రాడు. ఇంటివాళ్ల పంపు పోతే మళ్లీ ఉత్తరం రాస్తారు. నా లెక్క అంతే.

మీరు తిప్పి పంపిన ప్రతి పంపూ నా బల్ల మీదికే వచ్చింది. విప్పగానే పగుళ్లు కనిపించేవి. కనబడ్డా మీ చేత ట్యాంకు దింపించాను. మీ నడుం నొప్పికి కూడా నేనే కారణం.

ఇంకోటి ఉంది. దాన్ని రాయకుండా ఉండొచ్చు, మీకెప్పటికీ తెలియదు. ఆగస్టులో మీరు తిట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. చుట్టలో చివరి ముక్క మిగిలింది, మధ్యలో మడతపడి గీత కూడా ఉంది. చూసి చూసి అదే కత్తిరించి వేశాను. అక్క ఊపిరాడక గోడ పట్టుకుంది దాని వల్లే.

షికార్లనుకున్నాను బావా. అక్క అందులో ఉందని తెలిస్తే నా చర్మం ఒలిచి వేసేవాణ్ణి. కానీ తెలియకపోతే మాత్రం, మీరున్నారుగా అందులో. ఇది ఆలోచిస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఈ పెట్టెలో రెండు పంపులున్నాయి. కొత్త గుడ్డ. ముక్క కత్తిరించి మూడు రోజులు పెట్రోలు సీసాలో నానబెట్టి, మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూశాను. ఒకటి బిగించండి, ఒకటి డిక్కీలో ఉంచండి. మీరు రమ్మనేదాకా రాను. ఇక్కడ ఉండడమే నాకు శిక్ష.

తమ్ముడు

రైలు కట్ట పక్క ఇల్లు,
సెప్టెంబరు 3

నీ ఉత్తరం అందింది. పంపులు అందాయి. ఒకటి బిగించాను, నడుస్తోంది. మొన్న మంగళవారం వెళ్లి వచ్చాం. అక్కకి ఏమీ చెప్పలేదు.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఎంతకాలం ఉంటుందో తెలియదు. ఆ చివరి ముక్క సంగతి రాయకుండా ఉండాల్సింది అని ఒకసారి, రాసి మంచి పని చేశావని ఒకసారి అనిపిస్తోంది. తగ్గాక రాస్తాను.

బావ

పంపుల షాపు,
అక్టోబరు 20

బావా,

పంపు ఎలా ఉంది? అక్క ఎలా ఉంది? రెండు ముక్కలు రాయండి. తిట్టినా సరే.

తమ్ముడు

రైలు కట్ట పక్క ఇల్లు,
డిసెంబరు 9

బావమరిదికి,

పంపు భేషుగ్గా ఉంది. మూడు నెలల పైన అయింది, ఒక్కసారి ఆగలేదు, చుక్క కారలేదు. కోపం చాలావరకు తగ్గింది. పూర్తిగా తగ్గిందని రాస్తే అబద్ధం.

ఇప్పుడు సమస్య బండి కాదు. మీ అక్క ఇక రానంటోంది.

పోయిన వారం ఇంటికి తిరిగి వచ్చాక చెప్పింది, మంచం మీద పడుకుని, పైకి చూస్తూ. "ఇక చాలండి. ఈ తిరుగుళ్లు నా వల్ల కాదు." డాక్టరు ఏం చెప్పాడో గుర్తుచేశాను. మానేస్తే పది రోజులు, మహా అయితే రెండు వారాలు. "తెలుసు" అంది. తిట్టాను, బతిమాలాను. ఒట్టు వేయమన్నాను, నవ్వింది. "ఇవాళ బండి ఆగితే బాగుండునని దారంతా ఇంజను చప్పుడు వింటూ వచ్చాను, ఆగలేదు" అంది. నేనేమో ఆగకూడదని వింటూ వచ్చాను. ఒకే కారులో కూర్చుని ఇద్దరం చేసింది ఇదీ.

ఎందుకని ఎంత అడిగినా చెప్పదు. నొప్పి భరించలేకపోతున్నావా అంటే కాదంటుంది. ఇప్పటికైతే నా పోరు పడలేక వస్తోంది. ఏదో ఒక రోజు మంచం దిగనంటే నేనేం చేయగలను? ఎత్తుకుని తీసుకెళ్లే బలం నాకు లేదు. నిజానికి నాకు దేనికీ బలం లేదు. మొన్న ఎర్రదీపం దగ్గర కునుకు పట్టింది. వెనకవాళ్లు హారను కొడితే లేచాను. ఆమె వెనక నుంచి నీళ్ల సీసా అందించింది.

నువ్వు చెబితే వింటుందేమో. నీకు తెలుసన్న సంగతి ఇక తెలిసినా ఫరవాలేదు.

బావ

పంపుల షాపు,
డిసెంబరు 12

అక్కా,

ఈ ఆరు నెలలూ ఉత్తరాలన్నీ బావకే రాశాను. ఇది నీకు.

నాకు అంతా తెలుసు. బావని ఏమీ అనకు, ఆసుపత్రి వరండాలో ఒంటరిగా కూర్చున్న మనిషి ఇంకెవరికి చెప్పుకుంటాడు? నేను చేసింది కూడా నీకు తెలియాలి. పాడైపోతుందని తెలిసీ మీ పంపుల్లో పాత గుడ్డ వేశాను. మీరు రోడ్డు మీద ఆగిన ప్రతిసారీ ఆపింది నేనే. ఆ ఆదివారం నీకు ఊపిరాడకుండా చేసింది నేనే. క్షమించమని అడిగే మొహం లేదు, తెలియజేస్తున్నాను, అంతే.

వెళ్లు అక్కా అని రాయాలని కూర్చున్నాను. నా చేతికి ఒక్క సూది పడలేదు, ఏ మొహంతో చెప్పను? మానెయ్ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కాబట్టి నా సంగతే రాస్తాను. షాపు మూసేసి వస్తున్నాను. నెలైనా ఏడాదైనా ఉంటాను. పంపులు ఎక్కడ కూర్చున్నా విప్పొచ్చు, మీ వరండాలో ఒక బల్ల వేస్తే చాలు. నువ్వు వెళ్తానంటే బండి నేను నడుపుతాను. వెళ్లనంటే బావకి నచ్చచెప్పే పని నాది, నీ మంచం పక్కన కూర్చునే పని కూడా నాదే. రావద్దని మాత్రం రాయకు. ఎప్పుడు రావాలో రాయి.

తమ్ముడు

రైలు కట్ట పక్క ఇల్లు,
డిసెంబరు 17

ఒరేయ్ తమ్ముడూ,

కుడి చేత్తో రాస్తున్నాను, వంకరగా ఉంటే సర్దుకో. పోస్టుమాన్ నా పేరున ఉత్తరం ఇవ్వగానే మీ బావ మొహం పాలిపోయింది. పాత గుడ్డ సంగతి నాకు సెప్టెంబరులోనే తెలుసు. ఈయన ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో దాచారు. ఈ ఇంట్లో బట్టలు నానబెట్టే ముందు జేబులు చూసేది ఎవరు?

రెండు రోజులు నీతో మనసులో మాట్లాడలేదు. తర్వాత అనుకున్నాను, వీడు నా మీద కోపంతో వేయలేదు కదా, నా రోగం వాడికి చెప్పనిది నేనే కదా అని. చెప్పి ఉంటే నువ్వు కొత్త గుడ్డ వేసేవాడివి. నీ తప్పు నీదే, తగ్గించడం లేదు. కానీ అందులో నా వాటా కూడా ఉంది. ఆ ఆదివారం తలుచుకుని నువ్వు ఒక్కడివే కుమిలిపోకు.

ఎందుకు రానన్నానో మీ బావకి చెప్పలేదు. చెబితే ఆయన తట్టుకోలేరు. నీకు చెప్తాను. సూదులకి భయపడి కాదు. ఏడాదిన్నరగా నేను ఆయన మొహం చూడలేదురా. వారానికి రెండు రోజులు వెనక సీట్లో పడుకుని ఆయన మెడ చూస్తాను. ఆ మెడ రోజురోజుకీ సన్నబడిపోతోంది. అక్కడ వాళ్లు ఆయన్ని లోపలికి రానివ్వరు, బయట బెంచీ మీద కూర్చుంటారు. ఇంటికొచ్చాక నేను నిద్రపోతాను, ఆయన బకెట్టు కడుగుతారు, పంపు తుడుస్తారు. మళ్లీ మంగళవారం. బండి ఆగిన రోజునే ఆయన దిగి, వెనక్కి వచ్చి, నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. చేసేదేమీ లేక ఏవో కబుర్లు చెప్పేవారు. ఆయన దగ్గర డ్రైవింగు నేర్చుకుంటూ గోడకి గుద్దిన ఆడవాళ్ల కథలన్నీ రోడ్డు పక్కనే విన్నాను. నీ కొత్త గుడ్డ వచ్చాక అదీ పోయింది.

నిన్న మంగళవారం. నాలుగున్నరకి మెలకువ వచ్చింది. ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. అలారం మోగకముందే నొక్కేశాను. లేపలేదు. తొమ్మిదింటికి లేచి, గడియారం చూసి, నా మీద అరిచారు. తర్వాత మంచం అంచున కూర్చుని ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడడం. ఇవాళ నా పాదాలు వాచాయి, కానీ ఆయన మొహంలో కాస్త రంగు వచ్చింది. ఏది మంచో నువ్వే చెప్పు.

ఆయన్ని మళ్లీ అలా ఏడిపించలేను. వెళ్తాను. శుక్రవారానికి ఆసుపత్రి బండి పంపుతామని నర్సు ఒప్పుకుంది, ఒక్కసారికే. మంగళవారానికి నువ్వు రావాలి. నువ్వు నడుపు, ఆయన వెనక నా పక్కన కూర్చుంటారు. దారి పొడుగునా నీకు డ్రైవింగు పాఠాలు చెప్తారు, పట్టించుకోకు. ముందు సీట్లోకి వస్తానంటే రానివ్వకు.

ఈ ఏర్పాటు ఆయనకి ఇంకా చెప్పలేదు. తన బండి ఇంకొకరి చేతికి ఇమ్మంటే ఒప్పుకునే మనిషి కాదని నీకూ తెలుసు. అందుకని నిన్ననే కారు తాళాలు తీసి నా దిండు కింద పెట్టుకున్నాను. వెతుకుతున్నారు. నువ్వొచ్చేదాకా ఇవ్వను.

అక్క